మధ్య మార్కు

మార్చి 4, సోమవారం

ఈ రోజు ఏడు నమూనాలు. ఏడింటికీ మార్కులు వేశాను. ఏదీ తప్పలేదు.

తప్పలేదని పనిగట్టుకుని ఎందుకు రాసుకుంటున్నానో. పంతొమ్మిదేళ్లుగా ఆ గదిలో కూర్చుని కారాలు రుచి చూస్తున్నదాన్ని, తప్పడమేమిటి. గేటు దగ్గర కాపలా అతను కూడా నన్ను "నాలుకమ్మా" అనే పిలుస్తాడు.

ఏడూ నోట్లో ఒక్కలాగే ఉన్నాయి. ఉప్పు తెలుస్తోంది, పులుపు తెలుస్తోంది, నూనె పాతదా కొత్తదా అన్నది కూడా తెలుస్తోంది. కారం మాత్రం లేదు. జనవరిలో ఆరు రోజులు జ్వరం వచ్చి, పోతూ పోతూ దాన్ని పట్టుకుపోయింది. వాసన నాలుగు రోజుల్లో తిరిగొచ్చింది, మిగతా రుచులు పది రోజుల్లో. ఇదీ వస్తుంది. కొందరికి ఆలస్యమవుతుందని డాక్టరు అన్నాడు. ఈలోగా అందరికీ చెప్పి గోరంతను కొండంత చేసుకోవడం దేనికి. ఇంకో రెండు వారాలు చూద్దాం.

మార్చి 5, మంగళవారం

ఈయనకి ఈ మధ్య దాహం ఎక్కువైంది. భోజనం దగ్గర నాలుగు గ్లాసుల నీళ్లు తాగారు. కుట్టుమిషను పక్కన కూడా సీసా పెట్టుకుంటున్నారు. చక్కెర పరీక్ష చేయించాలి.

మార్చి 7, గురువారం

ఎలా వేస్తున్నానో రాసేస్తాను. ఈ పుస్తకం ఎవరు చూస్తారు కనక. మా అమ్మాయి కాలేజీ నోటుపుస్తకంలో వెనక మిగిలిన కాగితాలు ఇవి, ముందు అంతా లెక్కల గుర్తులే.

మా గదిలో ముగ్గురం. కిటికీ వైపు బాబాయ్. అందరికీ ఆయన బాబాయే, వెనకాల మాత్రం ఎండుమిరపకాయ అంటారు. మనిషి అంతే, సన్నగా ఎర్రగా వంకర తిరిగి ఉంటాడు. మెట్టవైపు నుంచి వచ్చాడు. మధ్యలో నేను, కొండవైపు దాన్ని. నాకు ఎదురుగా కిందటి డిసెంబరులో చేరిన తీరంవైపు అమ్మాయి. ప్రతి నమూనాకీ పాలు తాగుతుందని బాబాయే పాలమ్మాయి అని పేరు పెట్టాడు. మూడు వైపుల వాళ్లకీ ఒకే సరుకు అమ్ముతారు కాబట్టి మూడు వైపుల నాలుకలు పెట్టారు. ఎవరికి వాళ్లం చీటీ మీద ఒకటి నుంచి ఐదు లోపు మార్కు వేసి పెట్టెలో పడేస్తాం. ఆ మూడింట్లో మధ్యది తీసుకుని, పాకెట్ మీద అన్ని మిరపకాయల బొమ్మలు అచ్చేస్తారు.

బాబాయ్ ఎప్పుడూ తక్కువ వేస్తాడు. పాలమ్మాయి ఎప్పుడూ ఎక్కువ వేస్తుంది. అంటే పాకెట్ మీదికి వెళ్లేది ఎప్పుడూ నా మార్కే.

నేనేమో పాలమ్మాయి ముఖం చూసి వేస్తున్నాను. ఒకటైతే ఏమీ ఉండదు. రెండైతే చెవి తమ్మెలు ఎర్రబడతాయి. మూడుకి ముక్కు ఎగబీలుస్తుంది. నాలుగుకి ఎడమ కంట్లో నీళ్లు, ఎప్పుడూ ఎడమ కంట్లోనే ముందు. ఐదైతే చెంచా కింద పెట్టకుండానే రెండో చేత్తో పాలగ్లాసు అందుకుంటుంది. అందులోంచి ఒకటి తీసేసి నా మార్కు వేసుకుంటాను. తీరంవైపు వాళ్లకి ఒకటి ఎక్కువే కదా.

బాబాయ్ ముఖం ఎందుకూ పనికిరాదు. పచ్చిమిరపకాయలు బఠాణీల్లా నములుతూ పేపరు చదువుకునే రకం.

పూర్వం బల్లల మధ్య తెరలుండేవి, ఒకరి ముఖం ఒకరికి కనిపించకుండా. కిందటేడు గోడలకి రంగు వేసినప్పుడు తీసినవాళ్లు మళ్లీ పెట్టలేదు. పెట్టించమని అడగాల్సింది నేనే. అడుగుతాను.

మార్చి 11, సోమవారం

ఈ రోజు నవ్వి నవ్వి కడుపు నొప్పి పుట్టింది. చాలా రోజులైంది ఇలా నవ్వి.

మేనేజరు పైనుంచి ఒక కాగితం తెచ్చాడు. ఏ వైపు వాళ్లు దేన్ని నిజమైన కారం అంటారో ఒక పేజీ రాసివ్వాలట. ఆయన అలా వెళ్లాడో లేదో, బాబాయ్ కుర్చీ వెనక్కి లాక్కున్నాడు.

"నోట్లో మండేది కారమే కాదమ్మా. అది పిల్లలాట. తిన్న గంటకి నడినెత్తిన చెమట పట్టాలి, అదీ కారం. మా వైపు ఎండుమిరపకాయని వేయించి దంచుతారు. నెమ్మదిగా వస్తుంది, వచ్చాక పోదు."

"అది కారం కాదు బాబాయ్, జ్వరం," అంది పాలమ్మాయి. "మా వైపు మిరియం. గొంతు వెనక పట్టుకుని ముక్కులోకి ఎక్కుతుంది. రెండు నిమిషాల్లో దిగిపోతుంది. మళ్లీ తినాలనిపిస్తుంది."

"దిగిపోయేదాన్ని కారమంటారా? వచ్చిన చుట్టానికి మంచినీళ్లు కూడా ఇవ్వకుండా పంపించేసినట్టు."

"మరి మీది? వచ్చిన చుట్టం నెలరోజులు కదలనట్టు."

నన్ను తీర్పు చెప్పమన్నారు. నేను మా కొండవైపు చిన్నమిరప గురించి చెప్పాను. గోరంత ఉంటుంది. నోట్లో పెట్టుకుంటే మొదట ఏమీ తెలియదు, ఇంతేనా అనిపిస్తుంది. పది లెక్కపెట్టేలోగా చెవులు మూసుకుపోతాయి, ఎదుటి మనిషి మాట వినపడదు. మా నాయనమ్మ దాన్ని తిని, ఎవరేమడిగినా "ఆఁ, ఆఁ" అంటూ కూర్చునేది. పులుపుతో తింటే సగం తగ్గుతుంది, నూనెలో వేస్తే ఆలస్యంగా వచ్చి ఎక్కువసేపు ఉంటుంది, తీపి కలిపితే మోసం చేస్తుంది. చెబుతూ ఉంటే నోరూరింది. ఎంత బాగా చెప్పానంటే పాలమ్మాయి బుగ్గకి చెయ్యి ఆనించుకుని వింది.

"అక్కా, మీరు చెప్తుంటేనే మండుతోంది," అంది.

ఎవరి వైపు తిండి వాళ్లకి చప్పగా ఉంటుందని, పక్కవాళ్లది తింటే చంపేస్తున్నారనో మోసం చేస్తున్నారనో అంటారని పేజీలో రాశాను. మేనేజరు బాగుందన్నాడు. నాకు మాత్రం మాటలే మిగిలాయి. ఇదివరకు తిన్న కారాల గురించి చెప్పుకునే మనిషినయ్యాను.

మార్చి 14, గురువారం

చెయ్యకూడని పని చేశాను. కాదు, చెయ్యాల్సిన పనే. గదికి ఒక పద్ధతి ఉంది.

తీరంవైపు దుకాణాల వాళ్లు ఆరుగురు గది చూడటానికి వచ్చారు. మేనేజరు నన్ను చూపించి, "ఈమె నాలుక మా ఫ్యాక్టరీకి తక్కెడ" అన్నాడు. వాళ్ల ముందే నమూనా పెట్టారు. పాలమ్మాయి రుచి చూసి యథాప్రకారం ముక్కు ఎగబీల్చి, కళ్లు తుడుచుకుని, పాలు తాగింది. వచ్చినవాళ్లలో ఒకావిడ నవ్వి, "ఈ అమ్మాయిని చూస్తే మాకే తెలిసిపోతోంది ఎంత కారమో. ఇంక మిగతావాళ్లు తినడమెందుకు?" అంది.

తేలు కుట్టిన దొంగలా అయిపోయాను. ఆ మాట అందరికన్నా ముందు నాకే తగిలింది. ఏదో ఒకటి అనాలి. నోరు జారింది అనను, తెలిసే అన్నాను.

"ఎన్నిసార్లు చెప్పాలి నీకు? రుచి చూసేవాళ్ల ముఖం గోడలా ఉండాలి. నీ ముఖం చూసి పక్కవాళ్లు మార్కు వేస్తారు. మూడు నెలలైనా ఇంత చిన్న విషయం రాకపోతే ఈ గదిలో ఎందుకు?"

ఎన్నిసార్లు చెప్పాలి అన్నాను. ఒక్కసారి కూడా చెప్పలేదు. చెబితే నాకు దారి మూసుకుపోతుంది కదా.

పాలమ్మాయి నా వైపు కాసేపు చూసింది. బాధపడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. చిన్నగా నవ్వి, "సరే అక్కా. ఇకనుంచి అలాగే," అంది. ఆ నవ్వు నాకర్థం కాలేదు.

వాళ్లమ్మ ముప్పై ఏళ్లు కింద ప్యాకింగులో పనిచేసింది. మెట్లెక్కి ఈ గదిలోకి వచ్చింది వాళ్లింట్లో ఈ పిల్లే మొదట. చేరిన రోజు వాళ్లమ్మ కూడా వెంట వచ్చి, లోపలికి రాకుండా తలుపు చేత్తో తడిమి చూసి వెళ్లింది. ఆ పిల్లని అందరి ముందూ అంత మాట అన్నాను. రేపు క్షమించమని అడుగుతాను.

మార్చి 15, శుక్రవారం

అడగలేదు. పని ఎక్కువగా ఉంది.

మార్చి 20, బుధవారం

సోమ, మంగళ, బుధ, మూడు రోజులూ టమాటా సూపు పొడే. తీరంవైపు కోసం కొత్తగా చేస్తున్నది. రోజుకొక వాయి వేశారు. మూడూ చప్పగానే ఉన్నట్టున్నాయి. పాలమ్మాయి ముఖంలో ఏమీ లేదు. చెవులు కూడా జుట్టు కింద ఉన్నాయి, ఈ వారం జడ వదులుగా అల్లుకుంటోంది. పాలగ్లాసు ముట్టుకోనే లేదు.

అయినా మరీ ఒకటి వేయడం ఎందుకని రెండు వేశాను. మూడింటికీ రెండే.

రెండో వాయి దగ్గర బాబాయ్ ఒకసారి దగ్గాడు. ఆయనకి చుట్ట కాల్చే అలవాటుంది.

మార్చి 22, శుక్రవారం

శుక్రవారం చీటీలు తెరుస్తారు. మేనేజరు తెరిచి చదువుతాడు, గుమాస్తా రాసుకుంటాడు.

సూపు పొడి, మొదటి వాయి. బాబాయ్ రెండు. నేను రెండు. పాలమ్మాయి ఐదు.

రెండో వాయి. రెండు. రెండు. ఐదు.

మూడోది కూడా.

చదువుతున్నంతసేపూ బల్ల మీద ఉన్న గీతలు చూస్తూ కూర్చున్నాను. బాబాయ్ రెండు అన్నాడంటే మామూలు మనిషికి నాలుగని గదిలో అందరికీ తెలుసు. నేను నాలుగు వేయాల్సింది. వేసేదాన్నే. ఆ పిల్ల ముఖంలో ఉంటే వేసేదాన్ని.

మధ్య మార్కుకి మూడు తేడా వస్తే ఒక తప్పు. నెలలో మూడు తప్పులైతే గదిలోంచి తీసేస్తారు. ఆ పద్ధతి పన్నెండేళ్ల కిందట నేనే పెట్టించాను.

"మళ్లీ ఒకసారి రుచి చూద్దామా?" అన్నాడు మేనేజరు, నన్నే అడుగుతూ.

ఇక్కడ ఆగి రాయాలి. ఆయన అడిగాడు. బాబాయ్ నా వైపు చూశాడు. పాలమ్మాయి కూడా చూసింది. అవును అంటే చాలు. మళ్లీ చెంచా నోట్లో పెట్టుకోవాలి, ఈసారి అందరూ నన్నే చూస్తుండగా.

"అవసరం లేదండీ," అన్నాను. "కొత్త కదా. కాస్త ఎక్కువ చేసి రాస్తుంది."

"నేను రాసింది నిజమే అక్కా," అంది పాలమ్మాయి. గట్టిగా కూడా అనలేదు.

మేనేజరు చీటీలకి పిన్ను గుచ్చాడు. వాయిలు మూడూ రెండు మిరపకాయల బొమ్మతో వెళ్తాయి.

మార్చి 23, శనివారం

ఎవరైనా చేసేదే. పంతొమ్మిదేళ్లు ఒకవైపు, మూడు నెలలు ఒకవైపు.

మార్చి 25, సోమవారం

నా ఎదుట బల్ల ఖాళీ. కింద ప్యాకింగులో వేశారట. జీతం తేడా పెద్దగా లేదని గుమాస్తా అన్నాడు, నన్ను ఓదారుస్తున్నట్టు. నన్నెందుకు ఓదార్చడం.

నాలుగు నమూనాలొచ్చాయి. అన్నిటికీ మూడు వేశాను. మూడు అయితే ఎటు చూసినా మరీ దూరం పోదు.

మార్చి 27, బుధవారం

బజారులో మా కొండవైపు చిన్నమిరపలు దొరికాయి. ఇంటికి తెచ్చి, కడిగి, వంటింట్లో నిలబడి ఒకటి కొరికాను. గడ్డి కొరికినట్టుంది. రెండోది. మూడోది నమిలి నమిలి మింగాను. నాయనమ్మలా చెవులు మూసుకుపోతాయేమోనని చూశాను. ముందుగదిలో మిషను చప్పుడు స్పష్టంగా వినిపిస్తూనే ఉంది.

రాత్రి పడుకోబోయేసరికి కడుపులో నొప్పి. కడుపుకి తెలిసింది, నోటికి తెలియలేదు.

ఏప్రిల్ 2, మంగళవారం

మెట్లు దిగేటప్పుడు ప్యాకింగు గది తలుపు దగ్గర పాలమ్మాయి కనిపించింది. ముక్కుకి గుడ్డ కట్టుకుంది. తల ఊపింది. నేను గడియారం చూసుకుంటూ వెళ్లిపోయాను. నా చేతికి గడియారం లేదు.

ఏప్రిల్ 8, సోమవారం

ఉత్తరం వచ్చింది. మేనేజరు గదిలోకి తెచ్చి నిలబడే చదివాడు.

తీరంవైపు నుంచి ఒక తండ్రి రాశాడు. సూపు పొడి. ఆరేళ్ల కూతురు. రెండే మిరపకాయలున్నాయని చూసి కలిపిచ్చాడు. మొదటి చెంచాకే పిల్ల ఏడ్చింది. మారాం చేస్తోందనుకుని, ఏమీ కాదు తాగు అన్నాడు. తాగాక ఊపిరందలేదు. పెదవులు, గొంతు వాచాయి. ఆసుపత్రిలో రెండు రోజులు ఉంచి పంపారు.

పిల్ల బాగానే ఉందట. బాగానే ఉందని ఆయనే రాశాడు.

గోదాంలో మా కొండవైపు చిన్నమిరప బస్తా ఒకటి పొరపాటున ఆ సరుకులో కలిసిందని తేలింది. "మన చెంచాల్లోకి ఆ భాగం వచ్చి ఉండదు," అన్నాడు మేనేజరు. "లేకపోతే మీరు పట్టుకోరూ." అంత నమ్మకంగా అన్నాడు. నేను తల ఊపాను. ఆయనే మసిపూసి మారేడుకాయ చేసిపెట్టాడు, నేను పట్టుకుంటే చాలు.

బాబాయ్ చుట్ట తీసి, గదిలో కాల్చకూడదని గుర్తొచ్చి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

మార్చి 23న ఇక్కడ నేను రాసిన రెండు వాక్యాలు చదివాను. కొట్టేయబోయి ఆగాను. ఉండనీ.

ఏప్రిల్ 9, మంగళవారం

ఉత్తరంలో ఆయన ఇంకో వాక్యం రాశాడు, నిన్న రాయలేకపోయాను. "నా మాట నమ్మి రెండో చెంచా కూడా తాగింది."

ఏప్రిల్ 10, బుధవారం

ఈయనకి చెప్పాను. రాత్రి అన్నం దగ్గర. ముద్ద కలుపుతూ నీళ్ల గ్లాసు దగ్గరికి జరుపుకుంటుంటే, "కూర కారంగా ఉందా?" అని అడిగాను.

"బాగానే ఉంది."

"నిజం చెప్పండి."

కాసేపు గ్లాసు తిప్పుతూ కూర్చున్నారు. "రెండు నెలలుగా నిప్పులు తింటున్నాను," అన్నారు. "నా మీద ఏదో కోపమనుకున్నా. ఏం చేశానా అని ఆలోచిస్తున్నా. అమ్మాయేమో క్యాంటీన్లో తినొస్తోంది."

చక్కెర పరీక్ష చేయించాలనుకున్నాను ఈ మనిషికి. నవ్వొచ్చింది, ఆ నవ్వే ఏడుపైపోయింది. జ్వరం దగ్గర్నుంచి ఉత్తరం దాకా మొత్తం చెప్పాను. పాలమ్మాయి ముఖం సంగతి చెబుతుంటే ఆయన తినడం ఆపేశారు. తిడతారనుకున్నాను. తిడితే బాగుండు.

"ఉద్యోగం పోతుందని భయపడ్డావా?" అన్నారు.

"ఉద్యోగం కాదు," అన్నాను. "గేటు దగ్గర అతను ఇంక నన్ను ఏమని పిలుస్తాడు?"

చెప్పాక సిగ్గేసింది. ఒక పిల్లని మెట్లు దింపి, ఇంకో పిల్లని ఆసుపత్రి పాలు చేసి, నేను కాపాడుకున్నది ఒక పిలుపు.

ఏప్రిల్ 11, గురువారం

భోజనాల గంట కొట్టాక ప్యాకింగులోకి వెళ్లాను. అందరూ బయటికి వెళ్లారు. పాలమ్మాయి ఒక్కతే బస్తా మీద కూర్చుని డబ్బా విప్పుకుంటోంది. గాలిలో ఎర్రగా పొడి. నాకు కళ్లు కూడా మండలేదు, తనేమో ముక్కు గుడ్డ దించి దాంతో కళ్లు తుడుచుకుంటోంది.

ఏం మాట్లాడాలో వరసగా అనుకుని వెళ్లాను. ముఖం చూడగానే వరస పోయింది.

"నాకు కారం తెలియదు," అన్నాను. "జనవరి నుంచి. నీ ముఖం చూసి వేసేదాన్ని."

"తెలుసక్కా," అంది.

తను డబ్బా మూత మళ్లీ పెట్టేసింది.

"జ్వరం తగ్గి మీరొచ్చిన రెండో రోజే తెలిసింది. ఐదు మార్కుల సరుకు తిన్నాక అందరి చెయ్యీ దానంతటదే ఏదో ఒకదాని కోసం వెళ్తుంది కదా. బాబాయ్ అయినా మీసం తుడుచుకుంటాడు. మీ చెయ్యి దోసకాయ ముక్క వైపు వెళ్లేది ఎప్పుడూ. ఆ రోజు ఒళ్లోనే ఉంది. తర్వాత మీరు నా వైపు చూశారు."

"అప్పటినుంచీ..."

"అప్పటినుంచీ కాస్త ఎక్కువ చేసి చూపించేదాన్ని. చెవులు ఎర్రబడటం నా చేతిలో లేదనుకోండి. మిగతావన్నీ నేను పెట్టినవే. మీకు తేలిగ్గా ఉంటుందని ఒక్కో మార్కుకి ఒక్కోటి పెట్టుకున్నా. ఎడమ కన్ను నాలుగుకి."

తల కొట్టేసినట్టయింది. నేనేదో గొప్ప కిటుకు కనిపెట్టాననుకున్నాను. దాన్ని ఆ పిల్ల నాకోసం తయారుచేసి ఎదురుగా పెట్టింది.

"మరి ఆ మూడు రోజులూ ఎందుకు...?"

"అందరి ముందూ మీరే అన్నారు కదా, ముఖం గోడలా పెట్టుకోమని." ఇంక నా వైపు చూడలేదు. "మీ నాలుక వచ్చేసిందనుకున్నా అక్కా. లేకపోతే అలా ఎందుకంటారు? ఇంక నా అవసరం లేదన్నమాట అనుకున్నా. ఎంత సంతోషమేసిందో. ఇంటికెళ్లి అమ్మకి కూడా చెప్పా, పెద్దక్కకి బాగైపోయిందని. ఆ మూడు రోజులూ పాలు కూడా ముట్టుకోకుండా కూర్చున్నా. మీరు మెచ్చుకుంటారని."

బయట ఎవరో కొళాయి తిప్పి చేతులు కడుక్కుంటున్నారు. ఆ చప్పుడు ఆగాక అడిగాను.

"చీటీలు తెరిచినప్పుడు అర్థమైంది కదా నీకు. ఎందుకు చెప్పలేదు?"

"మీరు చెప్తారని చూశా."

అంతే అంది. కోపంగా కూడా అనలేదు. నేను చేతులు పట్టుకోబోతే, "వద్దక్కా, చేతులకి కారం ఉంది," అని వెనక్కి తీసుకుంది. నాకు కారం ఏం చేస్తుందని.

ఏప్రిల్ 12, శుక్రవారం

పొద్దున్నే మేనేజరు దగ్గరికి వెళ్లి నాకు మూడు గ్లాసుల పరీక్ష పెట్టమన్నాను. మూడు గ్లాసుల్లో ఒకదాంట్లోనే కారం నీళ్లు ఉంటాయి, ఏదో చెప్పాలి. కొత్తగా చేరేవాళ్లకి పెట్టే పరీక్ష. ఆయన నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి కుర్చీలోంచి లేచాడు. పాలమ్మాయిని కూడా పిలిపించమన్నాను. ఆమె ముందే జరగాలన్నాను.

బాబాయ్ గ్లాసులు పెట్టాడు. ఒక్కోటి తాగాను. మూడూ నీళ్లే. చీటీ మీద ఏదో ఒక అంకె వేయొచ్చు, మూడింట్లో ఒకటి తగిలే వీలుంది. చెయ్యి వేయబోయింది కూడా. అలవాటు కొద్దీ తలెత్తి ఎదురుగా చూశాను. పాలమ్మాయి కిటికీ వైపు తిరిగి నిలబడింది, నాకు వీపే కనిపించింది.

"తెలియలేదు" అని రాశాను. పంతొమ్మిదేళ్లలో ఆ మాట రాయడం ఇదే మొదలు. కింద సంతకం పెట్టి, మార్చిలో మూడు వాయిలకీ నేను రుచి తెలియకుండానే మార్కు వేశానని, ఆమె రాసిన ఐదే సరైనదని కూడా రాశాను. చీటీ చాలక వెనక్కి తిప్పాను.

మేనేజరు చదివి, చీటీ తిప్పి మళ్లీ మొదటినుంచి చదివాడు. బాబాయ్ గ్లాసులు సర్దుతూ, "నేనూ దగ్గానమ్మా రెండోదాని దగ్గర," అన్నాడు. "దగ్గి కూడా అలవాటు చొప్పున రెండే వేశా. ఒక్క మాట అడిగి ఉండాల్సింది."

సూపు పొడి దుకాణాల్లోంచి వెనక్కి రప్పిస్తారు. తండ్రికి ఉత్తరం రాసే పని నాకిమ్మన్నాను. నాలుగుసార్లు రాసి చింపాను. చివరికి తప్పు మీది కాదని, మీరు చూసిన ఆ బొమ్మ నేను తప్పుగా వేయించిందని, పాపకి కూడా ఆ మాట చెప్పమని రాశాను.

ఏప్రిల్ 15, సోమవారం

పాలమ్మాయి పైకి వెళ్లింది. నా కుర్చీలో కూర్చోమన్నారట, తన కుర్చీలోనే కూర్చుందట. మొదటి రోజే బల్లల మధ్య తెరలు పెట్టించమని అడిగిందని గుమాస్తా చెప్పాడు.

నన్ను పూర్తిగా తీసేయలేదు. ప్యాకింగులో వేశారు. గేటు దగ్గర అతను నన్ను చూసి ఏమని పిలవాలో తెలియక ఊరికే లేచి నిలబడ్డాడు.

ఏప్రిల్ 22, సోమవారం

వారం రోజులుగా ఒకటే పని. దుకాణాల నుంచి తిరిగొచ్చిన సూపు పాకెట్ల మీద రెండు మిరపకాయల బొమ్మని కప్పేస్తూ నాలుగు మిరపకాయల కాగితం అతికిస్తున్నాను. అంచులు లేవకుండా బొటనవేలితో రెండుసార్లు రుద్దాలి. ఇవి మెట్టవైపు పంపిస్తారట. వాళ్లకి చప్పగానే ఉంటుంది.

తండ్రి దగ్గర్నుంచి జవాబు రాలేదు. ఎందుకు రాయాలి ఆయన.

మొత్తం పన్నెండువందల పాకెట్లు వెళ్లాయి. సాయంత్రానికి తొమ్మిదివందల నలభై మూడు అతికించాను. ఇంకేమైనా వచ్చాయా అని గోదాం అతన్ని అడిగితే, "లేదమ్మా, దుకాణాల్లో ఉన్నవన్నీ వచ్చేశాయి. మిగతావి అమ్ముడైపోయినవి," అన్నాడు.

రెండువందల యాభై ఏడు. ఎవరెవరి వంటింట్లోనో ఉన్నాయి. ఈ పాటికి ఎవరో ఒకరు పాకెట్ తిప్పి చూసి, పర్వాలేదు రెండే, అనుకుంటూ పొయ్యి మీద నీళ్లు పెడుతూ ఉంటారు.